కరెంటు కారుకు టైర్లు

మా ఆయన పోయాక నాకు మిగిలింది ఒక కరెంటు కారు, ఒక మరిది. కారు నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు.

నాకు చదువు లేదు. నా పేరు రాస్తాను, బస్సు మీద ఊరి పేరు గుర్తుపడతాను, అంతే. అందుకే నోటితో చెబుతున్నాను. నా గొంతు బొంగురు, పైగా గట్టిగా మాట్లాడతాను. కసురుతున్నానని కొత్తవాళ్లు అనుకుంటారు. సాంచెల దగ్గర బతికినవాళ్ల గొంతు ఇంతే. మరమగ్గాలను మేము సాంచెలు అంటాం. తెలంగాణ నుంచి సూరత్ వచ్చి గోడాదరాలో ఒక గదిలో దిగాం. ఆయన సాంచెలు నడిపాడు. నేను అదే షెడ్డులో మూల కూర్చుని కండెలు చుట్టాను, అంటే సాంచెకు పెట్టే దారం చుట్టలు. వయసంతా అందులోనే పోయింది, చెవులు కూడా అందులోనే పోయాయి.

షెడ్డులో సాంచెలన్నీ నడుస్తుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా మాట వినపడదు. అందుకని మేము పెదాలు చూసి మాట్లాడుకుంటాం. దారం తెగిందని, సేటు వస్తున్నాడని, ఇంట్లో కూర ఏమిటని, అన్నీ ఈ చివర నుంచి ఆ చివరికి పెదాల మీదే నడుస్తాయి. నా మరిది మీసం రాకముందే మా దగ్గరికి వచ్చాడు. మరిదికి ఆ పెదాల మాట నేర్పింది నేనే. నోట్లో నోట్లో గొణిగితే నెత్తి మీద మొట్టేదాన్ని. నోరు పూర్తిగా తెరువు, ప్రతి అక్షరం బయటపడాలి, లేకపోతే నీ గొంతు కోసినా ఎవరికీ తెలియదు అని చెప్పేదాన్ని. తొందరగానే నేర్చుకున్నాడు. అన్నం పెట్టింది నేను, పిల్లను చూసి పెళ్లి చేసింది కూడా నేనే.

మా ఆయనకు రొమ్ములో దారపు పొట్టు నిండి ఊపిరి ఆడకుండా అయితే డాక్టరు సాంచె మానేయమన్నాడు. ఊళ్లో ఉన్న కొంచెం భూమి అమ్మి, మిగతాది అక్కడా ఇక్కడా తెచ్చి, టాక్సీకి ఈ కరెంటు కారు కొన్నాడు. పొగ ఉండదు, రొమ్ముకు మంచిది అనుకున్నాడు. కొన్ననాడే నా పేరు మీద రాయించాడు. ఎందుకంటే, తన ఊపిరి మీద తనకు నమ్మకం లేదన్నాడు. ఆ మాట ఆయన నవ్వుతూ అన్నాడు, నేను నవ్వలేదు.

ఆదివారం వస్తే ఆయన కారు చుట్టూ గొంతుక్కూర్చుని టైర్ల మీద అరచెయ్యి పెట్టి రాసేవాడు. ఇది మాట్లాడని బండి గానీ టైర్లను మాత్రం బాగా తింటుంది అనేవాడు. లోపల బ్యాటరీ బరువు, పైగా కాలు ఆనించగానే దూకుతుంది, ఆ దూకుడంతా ముందు టైర్ల మీద పడుతుంది. అందుకని ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించేవాడు. ఆయన రొమ్ము అరిగినంత తొందరగా టైర్లను అరగనివ్వలేదు.

ఆయన పోయాక మరిది సాంచె వదిలేసి కారు ఎక్కాడు. ఎక్కిన రోజు పెళ్లికొడుకులా ఉన్నాడు. సాయంత్రానికి నా వాటా నా చేతిలో పెట్టేవాడు, దాంతోనే గది కిరాయి, నా కూడు. ఇది అందరికీ తెలియాలి: ఆ కారు లేకపోతే నాకు అన్నం లేదు. నా వేళ్లు వంకర తిరిగాయి, కండె చుట్టలేను. చెవిటిదాన్ని ఇళ్లలో పనికి ఎవరూ పెట్టుకోరు, పిలిస్తే పలకదంటారు. పిల్లలు లేరు. కారు ఉంటే నేనున్నట్టు, లేకపోతే లేనట్టు.

కిందటి వానాకాలం మొదటి వానకే కారు జారింది. మరిది నాకు చెప్పలేదు. తెల్లారి ముందు భాగం గీరుకుపోయి ఉంటే నేనే చూశాను. వంగి టైరు మీద చెయ్యి పెడితే బోడిగుండు మీద పెట్టినట్టుంది. లోపలి అంచున తీగెలు తేలి నా వేలికి గుచ్చుకున్నాయి. ముందువి ముందే ఉన్నాయి, వెనకవి వెనకే ఉన్నాయి. ఒక్కసారి కూడా మార్పించలేదు.

"టైర్లు గిట్ల అరిగేదాంక ఏం జేసినవయ్యా?" అన్నాను.

"నడుస్తున్నయ్ గదా వదినె. ఊకె పరేషాన్ గాకు."

"నడుస్తలేవు. జారుతున్నయ్."

అప్పుడు తానే కామ్‌రేజ్ రోడ్డు మీదున్న దుకాణానికి పోయి వేయించుకొస్తానన్నాడు. డబ్బు నేనిస్తాను, నేనూ వస్తానన్నాను. మరిది మొహం మాడిపోయింది. కొత్త టైర్లు వేసినప్పుడు నిమ్మకాయలు పెట్టాలి, పసుపు కుంకుమ పెట్టాలి, అది తన భార్య చూసుకుంటుంది, ముండమోసినదాన్ని నేను ముందు నిలబడితే మంచిది కాదు అని చుట్టూ తిప్పి తిప్పి చెప్పాడు. ముండమోసిన అన్న మాట వాడలేదు లెండి, కానీ ఆ మాట చుట్టూనే తిరిగాడు. పూజకు నేను రాను, కొనడానికి వస్తాను అన్నాను. కారు వెనక సీట్లో కూర్చుని తలుపేసుకున్నాను. దింపడం ఆయన వల్ల కాలేదు.

దుకాణం హైవే పక్కన రేకుల షెడ్డు. కొండలా టైర్లు, ఒక మూల గాజు గది. సేటు కాఠియావాడ్ మనిషి, పెద్ద పొట్ట, మంచివాడిలాగే ఉన్నాడు. కరెంటు బండి అనగానే వంగి మా టైర్లు చూసి నాలుక చప్పరించాడు. నాలుగూ పోయాయన్నాడు. బెన్, అంటే అక్కా, మీకు ఎలాంటివి కావాలి అని నన్నే అడిగాడు. డబ్బు సంచీ నా చంకలో ఉంది కదా.

నేను చెవిటిదాన్ని, నా ఎదురుగా నిలబడి చెప్పు అన్నాను. నిలబడి చెప్పాడు. ఒక్కొక్క టైరు దొర్లించుకొచ్చి చూపించాడు. మొదటిది మామూలు పెట్రోలు కారుకు వేసేది. చక్రానికి సరిగ్గా పడుతుంది, చూపుకు తేడా తెలియదు. కానీ కరెంటు కారు బరువుకు ఆగదు, పక్క గోడలు ఉబ్బుతాయి అన్నాడు. టైరు పక్కన అచ్చుగుద్దిన అంకె మీద వేలు పెట్టాడు. ఎంత బరువు మోస్తుందో ఆ అంకె చెబుతుందట, కంపెనీ ఇచ్చిన అంకె కంటే తక్కువది ఎప్పుడూ వేయకూడదట. రెండోది ఎక్కువ బరువు మోసేది, తేలిగ్గా దొర్లుతుంది, అందుకని చార్జింగు ఎక్కువ దూరం వస్తుంది. మూడోది అన్నిటికంటే ఖరీదు. లోపల చెయ్యి పెట్టి చూడమన్నాడు, మెత్తగా పరుపులా స్పాంజి అంటించి ఉంది. కరెంటు కారులో ఇంజను చప్పుడు ఉండదు కాబట్టి టైర్ల చప్పుడే వినపడి విసుగొస్తుందట. ఈ స్పాంజి ఆ చప్పుడును మింగేస్తుందట.

"సేటూ, మా ఇంట్ల ఎవ్వరికి చెవులు లేవు. చప్పుడు పోగొట్టేటందుకు సాంచెలకే చెవులిచ్చినం, మళ్ల నీకు పైసలు ఎందుకియ్యాలె?" అన్నాను, నా హిందీలో.

సేటు పొట్ట ఊగేలా నవ్వాడు. చక్రాలు విప్పే పనివాళ్లు కూడా నవ్వారు. నా మరిది నవ్వలేదు. రేటు మాట్లాడాలని చెప్పి సేటును భుజం మీద చెయ్యి వేసి గాజు గదిలోకి తీసుకుపోయాడు. నన్ను ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోమన్నాడు. జర ఆరాం తీసుకో వదినె అని కూడా అన్నాడు.

కూర్చున్నాను. ఎదురుగా గాజు, గాజు వెనక నా మరిది మొహం. సేటు వీపు నాకు కనబడుతోంది, మొహం కనబడడం లేదు. మరిది ఒకసారి నా వైపు చూసి తలుపు గట్టిగా మూసి ఉందా లేదా అని చేత్తో నెట్టి చూసుకున్నాడు. గొంతు తగ్గించి ఉంటాడు, మెడ ముందుకు వంచాడు కాబట్టి నాకు తెలిసింది. కానీ సాంచెల మనిషి గొంతు తగ్గించగలడు గానీ నోరు తగ్గించలేడు. ఎంత గుట్టు మాటైనా షెడ్డు అవతలి చివర ఉన్నవాడికి చెప్పినట్టు పెదాలు పూర్తిగా తెరిచి, ఒక్కొక్క అక్షరం కొరికి కొరికి చెబుతాడు. తాను అలా చేస్తున్నట్టు ఆయనకే తెలియదు. ఎన్ని సంవత్సరాల నుంచో అలాగే మాట్లాడుతున్నాడు.

హిందీలోనే అన్నాడు. నా కంటికి అది మా మాటలోనే పడింది.

"పాత టైర్ల మీద కొత్త రబ్బరు అతికినవి ఉంటయ్ గదా, అవి వెయ్యి. బండి అమ్మేస్తున్న. వచ్చే వారం కామ్‌రేజ్ పార్టీ చూడనీకి వస్తడు. కొత్తగ కనబడితే చాలు."

సేటు తల అడ్డంగా ఊగింది. ఏదో చెప్పాడు, వీపుకు మాటలుండవు కదా, నాకు తెలియలేదు.

"పగిల్తే కొన్నోని కర్మ. అప్పటిదాంక నేను హైవే ఎక్క," అన్నాడు మరిది.

సేటు చెయ్యి నా వైపు తిరిగింది. ఈమె సంగతి ఏమిటని అడిగి ఉంటాడు.

"ఆమె పేరు మీదనే ఉన్నది బండి. యాడ సంతకం పెట్టమంటె ఆడ పెడతది. చదువు రాదు, చెవులు లేవు, పిల్లలు లేరు. అమ్మినంక ఊరికి బస్సెక్కిస్త. మా అన్న ఎన్కనే పోతదనుకున్న. ఇంక తింటనే ఉన్నది."

తింటనే ఉన్నది అన్నప్పుడు పళ్లు కనబడ్డాయి. నవ్వాడు.

నాకు కోపం రాలేదు. వేయనీ అనుకున్నాను. ఆ అతుకుల టైర్లే వేసుకోనీ. నేను సంతకం పెట్టకపోతే నడిపేది వాడే కదా. ఏదో ఒక రోజు ఎండకు ఆ రబ్బరు ఊడిపోతుంది, వాడి ముందే పేలుతుంది, స్టీరింగు వాడి రొమ్ములో దిగుతుంది, నేను నిమ్మళంగా కూర్చుని తింటూ ఉంటాను. ఆ కుర్చీలో కూర్చుని అదంతా కళ్లతో చూశాను, చూసి సంతోషపడ్డాను. వెనక సీట్లో ఎవరో ఒకరు ఉంటారు కదా అన్న దయ నాకు అప్పుడు రాలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. కారు గుర్తొచ్చింది. అది ముక్కలైతే నాదే ముక్కలవుతుంది. అందుకని లేచాను.

గాజు తలుపు తోసుకుని లోపలికి పోయాను. లోపల ఏసీ, చలి. సేటు కంగారుగా లేచి నిలబడ్డాడు.

"నడిమిది వెయ్యి సేటూ. బరువు మోసేది. నాలుగు," అన్నాను. తర్వాత మరిది వైపు తిరిగి చెయ్యి చాపాను. "తాళం ఇటియ్యి."

"ఏంది వదినె? ఎందుకు?"

"కామ్‌రేజ్ పార్టీకి చూపెట్టనీకి."

వాడి మొహంలో రక్తం ఎలా దిగిపోయిందో చూడాల్సింది. సేటును చూశాడు, ఆయన చెప్పాడేమోనని. సేటు రెండు చేతులూ ఎత్తాడు, నాకేం తెలుసు అన్నట్టు. మళ్లీ నన్ను చూశాడు. గాజును చూశాడు. అప్పటికి అర్థమైంది.

"నేను గట్ల అనలే వదినె. నువ్వు ఇంకోలెక్క సమజ్ చేసుకున్నవ్."

"ఇంకా తింటనే ఉన్నది అన్నవ్. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని అనాల్సింది."

ఇక కాళ్ల మీద పడ్డాడు. ఏసీ గదిలో, సేటు ముందు, బూట్లతోనే. అమ్మలెక్క సాదినవ్ వదినె అన్నాడు. సాదిన, గందుకే నీ నోరు నాకు ఎరికె అన్నాను. పిల్లల మొహం చూడమన్నాడు. పిల్లలకు తండ్రి ఉన్నడు, తండ్రికి సాంచెలున్నయ్ అన్నాను. సాంచె అన్న మాటకు తల ఎత్తి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. డాక్టరు దగ్గర నుంచి వచ్చిన రోజు మా ఆయన కూడా నన్ను అలాగే చూశాడు. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తాళం నా అరచేతిలో పెట్టేదాకా అలాగే చాపి ఉంచాను.

కారులో తన సామాను తీసుకోమన్నాను. నీళ్ల సీసా, తువ్వాల, వాడి చిన్న కూతురి చెప్పుల జత, అద్దానికి వేలాడదీసిన దేవుడి బొమ్మ. అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసుకున్నాడు. దేవుడి బొమ్మ ఉంచెయ్యి అంటాననుకున్నాడేమో, ఒక క్షణం ఆగాడు. దాన్ని కూడా తీసుకుపొమ్మన్నాను.

నాకు డ్రైవింగు రాదు. మా ఆయనతో సాంచె నడిపిన ఒకాయన సూరత్‌లోనే ఉన్ అనే పేటలో ఉంటాడు, ఎవరివో టెంపోలు నడిపి పెడతాడు, సొంత బండి లేదు. ఆయనకు వీడియో కాల్ చేశాను. మేము ఫోను అలాగే మాట్లాడతాం, మొహం కనబడకపోతే మాట కనబడదు. ఎప్పటి నుంచి కారు నడుపుతావు అని అడిగాను. ఎవరి కారు అన్నాడు. నాదే, ఇప్పుడే బస్సెక్కి రా అన్నాను.

ఆయన వచ్చేదాకా టైర్లు ఎక్కించారు. ఒక్కొక్క చక్రం మిషను మీద తిప్పి, ఎక్కడ తూకం తేడా ఉందో అక్కడ సీసం ముక్క అంటించారు. మరిది పోలేదు. కవరు పట్టుకుని షెడ్డు అంచున, ఎండలో నిలబడ్డాడు. నా కోపం టీ నీళ్ల కోపం, చల్లారుతుంది అనుకున్నాడు. సేటు అందరికీ టీ చెప్పాడు. టీ తెచ్చినతను గ్లాసు మరిదికి కూడా ఇవ్వబోతే వద్దని చెయ్యి ఊపాను.

"మా వదినె తోని ఒచ్చిన," అన్నాడు మరిది ఆ టీ అతనితో. చెయ్యి ఇంకా చాపే ఉంది.

"నాతోని ఎవ్వరు రాలే," అన్నాను.

టీ అతను గ్లాసు వెనక్కి తీసుకున్నాడు. నా టీ నేను తాగాను. అల్లం ఎక్కువ వేశారు, బాగుంది.

ఉన్ ఆయన వచ్చాక నేను వెనక సీట్లో కూర్చున్నాను. మరిది కిటికీ దగ్గరికి వచ్చాడు. ఇంటికి ఎట్ల పోవాలె వదినె అన్నాడు. ఒకే గల్లీకి పోతున్నాం, ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాం. ఊరికి బస్సులున్నయ్ అన్నావు కదా, గోడాదరాకు కూడా ఉన్నయ్ అన్నాను. కారు కదిలింది. కొత్త డ్రైవరు అద్దంలో నన్ను చూస్తూ, టైర్లు కొంచెం ఊమ్మని మోగుతున్నాయి, ఖరీదైనవి వేయించి ఉంటే మోగకపోయేవి అన్నాడు. నాకు వినపడతలేదు, నువ్వు వింటే విను అన్నాను.

గల్లీలో ఆడవాళ్లందరూ నన్ను రాయి అన్నారు. అననీ. పెంచిన చేతితో పీక పిసికింది అన్నారు. వాళ్లెవరూ నాకు ఒక పూట కూర పంపినవాళ్లు కాదు.

మరిది నెల తిరగకుండానే సాంచెలకు పోయాడు. కొన్నాళ్లు టెంపో కోసం తిరిగాడట, ఎవరూ ఇవ్వలేదట. ఉన్ ఆయన ఎక్కడికి పోయినా కామ్‌రేజ్ పార్టీ కథ చెప్పి నవ్విస్తున్నాడని తెలిసింది. నేను వద్దనలేదు.

చలికాలంలో యారాలు వచ్చింది, మరిది భార్య. నేను అన్నం తింటున్నాను. గడప దగ్గరే కూర్చుంది, లోపలికి రా అని నేను అనలేదు. కళ్ల కింద నల్లగా ఉంది. నాకు తెలియాలని మొహం పైకెత్తి, నెమ్మదిగా చెప్పింది. ఆమె సాంచెల మనిషి కాదు, అయినా నోరు పూర్తిగా తెరిచి చెప్పింది.

"ఆయన దగ్గుతున్నడక్కా. రాత్రంత కూసుంటున్నడు. పండుకుంటె ఊపిరాడతలేదట. నీ వాటా నువ్వెంతంటె అంత తీసుకో, కారు మీద జర మల్ల పెట్టు."

"మీ బావ గూడ దగ్గిండు. అప్పుడు నువ్వు ముక్కు మూసుకొని పిల్లల్ని మా ఇంట్లకు రానియ్యకపోతివి, అంటుకుంటదని."

తల దించుకుంది. దించుకుంటే నాకు ఏమీ తెలియదు కాబట్టి, ఏదన్నా అన్నదేమో నేను చెప్పలేను. మళ్లీ తల ఎత్తి అడిగింది.

"నీకు జర గూడ బాధైతలేదా అక్కా?"

కొంచెం ఆలోచించాను. పప్పు కలుపుతున్న చెయ్యి ఆగింది. వాడు మీసం లేని నాటి మొహం ఒకటి వచ్చింది, పెదాలు సున్నాలా చుట్టి నన్ను చూస్తూ మాట నేర్చుకుంటున్న మొహం. దాన్ని తోసేశాను.

"అయితది," అన్నాను. "కని కారు ఇయ్య. ఆకలైతె చెప్పు, అన్నం పెడత."

తినలేదు. లేచి చీర దులుపుకుని పోయింది. ఆమె కూర్చున్నచోట గడప మీద దారపు పొట్టు రాలి ఉంది, మొగుడి బట్టలు దులిపి ఆ చీరతోనే వచ్చినట్టుంది. తడి గుడ్డతో తుడిచేశాను. తెల్లారి ఉన్ నుంచి డ్రైవరు వచ్చి కారు తీసుకుపోయాడు. నేను నాకు సరిపడా బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టుకున్నాను.